న్యూట్రల్‌లో దిగిన ఘాట్

స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోవడానికి మూడేళ్ళ ముందు, ఒక మే నెల మొదటి వారంలో, కర్నూలులోని మా ఇంజనీరింగ్ శాఖ డివిజన్ ఆఫీసు నుంచి కడప సబ్ డివిజన్‌కు జీపు డ్రైవరుగా బదిలీ అయ్యాను. బదిలీ నా ఒక్కడికే కాదు, జీపుకు కూడా. ఉత్తర్వులో ముందు దాని నంబరు, ఆ తర్వాతే నా పేరు. శాఖలో మా ఇద్దరి హోదాల వరుస అది.

ఆ జీపులో పుట్టినప్పటి భాగమేదైనా మిగిలి ఉందంటే అది నంబరు ప్లేటే. పొద్దున్నే స్టార్ట్ చేస్తే పక్క వీధిలో ఆరేసిన బట్టలు పరుగున లోపలికి పోయేవి. రేడియేటరు కారితే ఆ నీళ్ళలో గుప్పెడు పసుపు కలిపేవాణ్ణి. పసుపు చిల్లు దగ్గర పేరుకుని లీకు ఆపుతుంది. నేను వాడిన పసుపుతో కర్నూలు జిల్లాలో నలభై పెళ్ళిళ్ళు జరిపించవచ్చు.

ఇంత సేవ ఎందుకంటే, భయం. ప్రతి ప్రయాణానికీ లాగ్ బుక్‌లో కిలోమీటర్లు, కాల్చిన డీజిలు రాసి అధికారి సంతకం తీసుకోవాలి. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో అదే సగటు. సగటు పడిపోతే తనిఖీ వస్తుంది. తనిఖీలో తప్పితే బండిని ‘కండెమ్’ చేస్తారు, అంటే పనికిరాదని తేల్చి వేలానికి పంపుతారు. దాని స్థానంలో అద్దె కారు వస్తుంది, తన డ్రైవరును తానే తెచ్చుకుంటుంది. అప్పుడు నేను తపాలా సెక్షన్‌లో కవర్లకు జిగురు రాస్తూ కూర్చోవాలి. కడపకు వచ్చేనాటికి మా సగటు అంచున వేలాడుతోంది. నాకు రాత్రి కలలో కూడా డీజిలు మీటరు ముల్లే కనిపించేది.

సగటు నిలబెట్టడానికి మా పడమటి కర్నూలు డ్రైవర్లకు ఒక విద్య ఉంది. మంత్రాలయం వైపు రోడ్లు చాపలా పరుచుకుని ఉంటాయి. ఎదురొచ్చే బస్సు కనిపించాక టీ తాగి వచ్చినా అది ఇంకా వస్తూనే ఉంటుంది. అక్కడ ఏ చిన్న పల్లం దొరికినా గేరు తీసి న్యూట్రల్‌లో దొర్లించేస్తాం. హారన్ మాకు పలకరింపు. కడప వాళ్ళు వేరు. మలుపు ముందు ఒక్కసారి హారన్ కొట్టి, అవతల నుంచి జవాబు వచ్చిందా అని చెవి పెడతారు. వాళ్ళ పక్కనే కొండలున్నాయని నాకు తట్టలేదు.

నాలుగో రోజు డి.ఈ. గారిని, అంటే మా డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరును, రాయచోటి పనుల తనిఖీకి తీసుకెళ్ళాను. జీపు కదిలిన మరుక్షణం నిద్రపోయే మనిషి ఆయన. వెనక సీట్లో వర్క్ ఇన్‌స్పెక్టర్ ఓబులేసు, ఆ ప్రాంతం వాడే. వెళ్ళేటప్పుడు గువ్వలచెరువు ఘాట్ ఎక్కడానికి జీపు తాగిన డీజిలు చూస్తే సగటు మునిగినట్టే అనిపించింది. ఆ నష్టాన్ని దిగేటప్పుడు రాబట్టాలని నిశ్చయించుకున్నాను.

మధ్యాహ్నం తిరుగు దారిలో గువ్వలచెరువులో ఓబులేసు పాలకోవా కొన్నాడు. దిగుడు మొదలవగానే గేరు తీసేశాను. ఇంజను చప్పుడు తగ్గడంతో ఓబులేసు ముందుకు వంగాడు.

“న్యూట్రల్ కొట్నావా ఏంది అన్నా?”

“సగటప్పా, సగటు!” అన్నాను గర్వంగా.

“ఇది మీ మంత్రాలయం రోడ్డు గాదు. గేరు ఎయ్యి.”

“ఇరవై ఏండ్ల సర్వీసు నాది. నువ్వు కోవా తిను.”

మూడో మలుపు దగ్గర రబ్బరు కాలిన వాసన. నాలుగో మలుపు దగ్గర బ్రేకు మీద కాలు పెడితే వెన్నలోకి దిగినట్టు దిగింది. ఎంతసేపూ బ్రేకు మీదే బండిని నిలబెట్టుకొస్తే డ్రమ్ములు కాలి, బ్రేక్ ఆయిల్ మరిగి, పెడల్‌కు పట్టు పోతుంది. ఈ సూత్రం నాకు తెలుసు. పరీక్షలో రాసి పాసయ్యాను కూడా. కానీ ఆ క్షణంలో గుర్తొచ్చింది సూత్రం కాదు, మా ఆవిడ ఉప్పు తెమ్మన్న సంగతి.

కింది మలుపులో కడప బండలు నింపుకున్న లారీ ఎక్కుతూ కనిపించింది. ఘాట్‌లో ఎక్కే బండిదే దారి, దిగేవాడే ఆగాలి. నేను ఆగాలి! మా జీపు గేర్లు అంత వేగంలో ఊరికే పడవు. కర్రును బండకేసి రాసినట్టు అరిచాయి.

“క్లచ్ ఇడ్సి రేజ్ చెయ్యి! ఇంగా! ఇప్పుడు తొక్కి ఎయ్యి!” ఓబులేసు నా చెవిలో అరిచాడు.

మూడో గేరు పడింది. జీపు ముక్కు నేలకు తగిలేంత వంగింది. మళ్ళీ అలాగే రెండో గేరు, ఆపైన హ్యాండ్ బ్రేకు. ఎడమ వైపు కొండ, దాని పక్కన కాలువ. ముందు చక్రాన్ని కాలువలోకి తోశాను, జీపు ఆగింది. లారీకి మాకు మధ్య బెత్తెడు ఖాళీ. సరే, నాలుగు గజాలు. నాకు బెత్తెడే కనిపించింది.

లారీ డ్రైవరు దిగి, ముందు తన వెనక చక్రం కింద రాయి పెట్టి, తర్వాతే మా వైపు వచ్చాడు. మమ్మల్ని చూడకముందే ముక్కు ఎగబీల్చాడు.

“ఏమప్పా, కర్నూలా?”

“ఎట్ల కనుక్కుంటివి?”

“బండి కంటే ముందు వాసనొచ్చె!”

నేను క్యాన్ తీసుకుని చక్రం మీద నీళ్ళు పోయబోతే చెయ్యి పట్టుకున్నాడు. “పోయగాకు. డ్రమ్ము పగుల్తాది. నీడన కూచో. దానంతట అది సల్లబడనీ.”

అప్పుడు డి.ఈ. గారు కళ్ళు తెరిచి, “కడప వచ్చిందా?” అన్నారు.

ముప్పావుగంట కూర్చున్నాం. పాలకోవా అయిపోయింది. తర్వాత చక్రాన్ని కాలువలోంచి పైకి తీసి, రెండో గేరులో, ఎక్కినప్పటి గేరులోనే, చీమలు దాటిపోయే వేగంతో దిగాం.

ఆఫీసులో డి.ఈ. గారి ముందు లాగ్ బుక్ పెట్టి, తప్పు జీపుది కాదు, నాదని చెప్పాను. సగటు అంచు దాటి కిందికి పడింది. ఇక కవర్లు, జిగురు అనుకున్నాను. డి.ఈ. గారు రిమార్కుల గడి చూపించారు.

“ఇక్కడ ఏమీ రాయలేదేం? ‘ఘాట్ రోడ్డు’ అని రాయాలి గదా. ఘాట్ ప్రయాణానికి సగటు తగ్గించి లెక్కిస్తారు.”

ఓబులేసు వైపు తిరిగాను. “నీకు తెల్సా?”

“ఈడ అందరికీ తెల్సు. నువ్వు అడిగితివా?”

నిబంధన ముందే మాఫ్ చేసిన డీజిలు మిగల్చడానికి ముగ్గురి ప్రాణాలు పణం పెట్టానన్నమాట. జీపు ఆ తర్వాత మరో రెండేళ్ళు నడిచింది. ఆ రెండేళ్ళలో ఏ కొత్త చోటికి పంపినా, తాళం తిప్పేముందు అక్కడి వాళ్ళను రెండు సంగతులు అడిగేవాణ్ణి: ఈ రోడ్డు ఎట్లా దిగుతారు, దిగాక లాగ్ బుక్‌లో ఏం రాస్తారు.