సికాడాను కీచురాళ్ళలో పెట్టను

మేం నాంపల్లిలో కిరాయికున్న రోజుల్లో నేను బీఎస్సీ జువాలజీ చదివేవాణ్ణి. ప్రాక్టికల్స్‌కు పురుగుల్ని పట్టి, ఏ జాతివి ఆ జాతి పక్కన గుచ్చి చూపించాల్సిన పురుగుల పెట్టెను మా కాలేజీలో ఎవరూ సొంతంగా తయారుచేసేవారు కాదు. ఆబిడ్స్‌లో ఇరానీ హోటల్‌కు తీసుకెళ్ళి చాయ్, సమోసా ఇప్పిస్తే సీనియర్ తన పెట్టె ఇచ్చేసేవాడు. మీద పేరు చీటీ మార్చుకుంటే చాలు. ఆ పురుగులు మా అందరికంటే ఎక్కువసార్లు పరీక్ష పాసయ్యాయి.

నాకొచ్చిన పెట్టెలో సికాడాకు తల ఊడిపోయింది. ఎండాకాలం చెట్టెక్కి చెవులు చిల్లులు పడేలా అరిచే పురుగది. కొత్తది పట్టుకుందామని పబ్లిక్ గార్డెన్స్‌లో వేపచెట్టు కింద నిలబడితే నెత్తిన సన్నటి తుంపర పడింది. ఆకాశంలో మబ్బు లేదు. చెట్టురసం దాదాపు నీళ్ళే కాబట్టి, బతకాలంటే సికాడా చాలా తాగాలి, ఎక్కువైంది వదిలేయాలి. ప్రకృతి నన్ను ఆశీర్వదించిన పద్ధతి అది.

పట్టి తెచ్చి భూతద్దం కింద పెడితే తల కింద సూదిలాంటి ముక్కు మడిచి ఉంది. కీచురాళ్ళకుండే నమిలే దవడలు లేవు. అరుస్తుంది కదా అని పాత పెట్టెలో దాన్ని కీచురాళ్ళ పక్కన గుచ్చారు; తలలేనిదాని ముక్కు ఎవరు చూస్తారు? నేను మామిడిపూత రసం పీల్చే తేనెమంచు పురుగుల పక్కన గుచ్చాను.

ల్యాబులో పెట్టెలు చూసి మార్కులు వేసే డిమాన్‌స్ట్రేటర్ గారు నా పెట్టె తెరిచి కళ్ళద్దాలు పైకి నెట్టారు.

"ఏందయ్యా గిది? గింత పెద్దదాన్ని నువ్వుగింజంత పురుగుల పక్కకు వెట్టినవ్?"

"చుట్టాలు సార్. అన్నిటిదీ పీల్చే ముక్కే."

"అరుస్తది గదా! కీచురాళ్ళల్ల వెట్టు."

"కీచురాయి రెక్కలు రాస్తుంది సార్. దీనికి పొట్టకు రెండు పక్కలా డప్పులాంటి పొరలున్నాయి, మోగేవి అవే. అరిచేవాళ్ళంతా చుట్టాలైతే మా ఇంటి ఓనర్నీ ఇక్కడే గుచ్చాలి."

వెనక బెంచీలు నవ్వాయి. నోరు జారానని అప్పుడు తెలిసింది.

"మార్చకుంటే సంతకం వెట్ట. సంతకం లేకుంటే పరీక్షకు కూసోనియ్యరు, ఎరుకేనా?"

"తెలుసు సార్. మార్చను."

సత్యం కోసం నిలబడ్డవాడి వెన్ను నిటారుగా ఉంటుందంటారు. నాది బల్లకు ఆనుకుని ఉంది. భూతద్దం ఆయన ముందుకు తోశాను.

"దవడలు కనిపిస్తే చెప్పండి, నేనే మారుస్తాను."

ఆయన చూశారు. తిప్పి చూశారు. పెన్ను తీసి సంతకం గీకి, కింద పదికి నాలుగు వేశారు.

"పురుగు ముక్కుకు నాలుగు. నీ నోటికి ఆరు కట్. పో."

పాసుకు నాలుగు చాలు. పెట్టె మూసుకుని బయటికొచ్చాను. సికాడా తేనెమంచు పురుగుల పక్కనే ఉంది.