మస్తాన్ సాయిబు దిండు

దయ్యాలున్నాయంటే నవ్వే మనిషిని నేను. నా చేతుల మీదుగా పోయినవాళ్లెవరూ తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. ఇదెలా జరిగిందో చెప్పలేను గానీ, జరిగింది మాత్రం చెబుతాను.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో గుంటూరు జిల్లాలోని ఒక జైలు ఆసుపత్రిలో కంపౌండరుగా ఉండేవాణ్ణి. పర్చూరు వైపు నుంచి వచ్చిన మస్తాన్ సాయిబు అనే ఖైదీ క్షయతో ఆఖరి దశలో ఉన్నాడు. దూది ఏకడం వాళ్ల కులవృత్తి. ఆస్తి తగాదాలో సొంత తమ్ముణ్ణి చంపి యావజ్జీవం పడినవాడు. అప్పటికి మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తలేడు.

నన్ను అడిగింది ఒకటే.

"కంపౌండరుగారూ, ఊరందరికీ దిండ్లు కుట్టినోణ్ణండి. చెక్క మీద తలపెట్టి పోలేనండి."

ఖైదీలకు దిండు ఇవ్వరు. చచ్చేవాడికి దిండెందుకయ్యా అన్నారు జైలరుగారు. నాకు ఒళ్లు మండింది. చచ్చేవాడికేనండి కావలసింది అన్నాను. నేనసలే మొండివాణ్ణి. ఎనిమిది రోజులు ఆయన బల్ల ముందు నిలబడ్డాను. చివరికి విసిగిపోయి, దిండులోకని ఇంగ్లీషులో 'కాటన్' అని రాసి సంతకం పెట్టారు. ఆ ముక్క చూసి కాంట్రాక్టరు దూది బదులు, గింజలు కూడా తీయని పత్తి బుట్టెడు పంపాడు. తల పట్టుకున్నాను. సాయిబు దాన్ని చూసి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

బుట్ట అతని పక్కనే ఉంచి, గదికి తాళం వేసి, మళ్లీ పోట్లాడటానికి ఆఫీసుకు వెళ్లాను. కాగితం మార్చేది లేదన్నారు. మిట్టమధ్యాహ్నం తిరిగి వస్తుంటే వాకిట్లోనే వినబడింది, దూది ఏకే విల్లు మోత. టంయ్ టంయ్‌మని. తలుపుకు చెవి ఆనించి వార్డరు నిలబడి ఉన్నాడు. లోపల ఎవరున్నారని నన్నే అడిగాడు. తాళంచెవి నా జేబులోనే ఉంది.

తలుపు తీయగానే మోత ఆగింది. గింజలు ఒకవైపు కుప్పగా ఉన్నాయి, ఏకిన దూది ఒకవైపు. సాయిబు కనుబొమల మీద నూగు. విల్లు ఎక్కడా లేదు. పడుకున్నవాడు పడుకున్నట్టే ఉండి ఏడుస్తున్నాడు.

ఎవరు ఏకారయ్యా అన్నాను.

"ఇనపళ్ళేదాండీ? ఆ ఏకే దెబ్బ మా తమ్ముడిది. నాకు తెలవదా?"

నాకూ ఏడుపొచ్చింది. మా ఆవిడ పాత పంచెతో కుట్టిచ్చిన సంచిలో ఆ దూది కూరి అతని తలకింద పెట్టాను. మూడో రోజు పొద్దున్నే, దిండుకు చెంప ఆనించి పోయాడు.

గింజలు కొన్ని ఇంటికి తెచ్చి చూశాను. ఒక్కదానికీ పోగు లేదు. జైలంతా గాలించినా విల్లు దొరకలేదు. పట్టుబట్టి పత్తి తెప్పించింది నేనే. కానీ తనను చంపినవాడి తలకిందికి దూది ఏకిపెట్టడానికి ఎవరైనా వస్తారా? నాకు ఇప్పటికీ తెలియదు.