స్థానికుడు

పైపుల మేస్త్రీ కూతురు ఇంట్లో నోరు విప్పితే వార్తలు చదివినట్టే ఉండేది. ఉప్పు అందుకోమన్నా సరే, ఎదురుగా కెమెరా ఉన్నట్టే అనేది. ళ, ణ వస్తే నాలుక మడతపెట్టి మరీ పలికేది. "ఆ టీవీని కాస్త కట్టేయండర్రా" అని నాయనమ్మ విసుక్కున్నా, మేస్త్రీ మాత్రం మురిసి ముక్కలైపోయేవాడు. జర్నలిజం కాలేజీలో మూడో ఏడు మరి, ఆషామాషీనా?

ఆ మంగళవారం కాలేజీ వెనక వీధిలో మంచినీళ్ల పైపు పగిలింది. "వెళ్లి జనంతో మాట్లాడించి తీసుకురండి, పేర్లు రాసుకోవడం మరవకండి" అని లెక్చరర్ తరిమారు. ఈ పిల్ల మైకు పట్టుకుంది, స్నేహితురాలు కెమెరా ఎత్తుకుంది. వెళ్లేసరికి గోతిలో, మోకాళ్లలోతు బురదలో ఒకాయన పైపుతో కుస్తీ పడుతున్నాడు.

"ఆయన్నే అడుగు, బాగుంటుంది" అంది స్నేహితురాలు.

ఆయన తలెత్తాడు. నాన్నే.

నాన్న నీళ్ల ఆఫీసులో పెద్ద ఉద్యోగి అని మొదటి ఏడే కాలేజీలో కోతలు కోసేసింది ఈ పిల్ల. ఎలాగో మైకు ముందుకు చాపి, "చెప్పండి, ఎప్పటికి బాగవుతుందండీ?" అంది.

మేస్త్రీ కూతురి మొహం చూశాడు. పక్కనున్న అమ్మాయిని చూశాడు. సంగతి తెలిసిపోయింది. "సాయంత్రానికల్లా నీల్లొచ్చేస్తాయండీ" అన్నాడు, ముక్కూ మొహం తెలియని మనిషితో అన్నట్టు. కన్నతండ్రి చేత అండీ అనిపించుకున్నందుకు ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది. అయినా పేరు అడగలేదు.

తెర అడుగున పేరు ఉండాల్సిన పట్టీలో "స్థానికుడు" అని కొట్టేశారు. లెక్చరర్ చూసి మండిపడ్డారు. "ఇంతమందిలో పనికొచ్చే మాట చెప్పింది ఆయనొక్కడే. ఆయనకే పేరు లేదా? రేపటికి కనుక్కుని వేయండి."

ఇంటికెళ్లేసరికి మేస్త్రీ కాళ్లు కడుక్కుంటున్నాడు. "బాగా వచ్చిందా తల్లీ? నేను సరిగ్గానే మాట్లాడానా?"

"నీ పేరు వేయమన్నారు నాన్నా."

ఆయన చెంబు పక్కన పెట్టాడు. "వద్దులేమ్మా. ఇంటిపేరు చూశారంటే మీవాళ్లు ఇట్టే పట్టేస్తారు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకో."

కోప్పడలేదు, దెప్పలేదు. నిజంగానే కూతురికి సాయం చేస్తున్నాననుకున్నాడు. చెంప పగలగొట్టినా ఆ పిల్ల అంతగా కుంచించుకుపోయేది కాదు.

మర్నాడు ఎడిటింగ్ గదిలో పట్టీ మీద పేరు తనే కొట్టింది, ఇంటిపేరుతో సహా. స్నేహితురాలు తొంగి చూసి, "అదేంటి, మీ ఇంటిపేరేగా? చుట్టాలా?" అంది.

"మా నాన్న" అంది.

మూడేళ్లుగా సానపట్టిన గొంతు పక్క కుర్చీకి కూడా వినబడలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.