మూడు చప్పట్లు

మా కాలేజీ నాటక బృందం తెస్తున్న ప్రత్యేక సంచికకి ఒక పెద్ద నటుడి జీవితం రాసుకురమ్మని నన్ను పంపారు. అరవై ఏళ్ళుగా నాటకాలు, నూట పది సినిమాలు. ఆయన తలుపు తీయగానే నేను చేసిన మొదటి పని ఏంటంటే, ఎడమ అరచేతిలో రెండు వేళ్ళతో టప్ టప్ టప్‌మని కొట్టుకుని "న...న...నమస్కారం సార్" అనడం.

ఆయన వేసిన వాచ్‌మన్ వేషం ఎవరికి తెలియదు? వాచ్‌మన్‌కి మాట అడ్డుపడుతుంది. అరచేతిలో మూడు దెబ్బలు కొట్టుకుంటాడు. హాలంతా మూడు చప్పట్లు కొడుతుంది. అప్పుడు మాట ఊడిపడుతుంది. మా ఇంట్లో నేను పుట్టకముందు నుంచీ అదొక ఆట.

ఆయన నవ్వలేదు. కుర్చీ చూపించి, తను కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

"అది మా అన్నయ్యదమ్మా," అన్నారు. "నేను ఎత్తుకొచ్చాను."

నేను పెన్ను తీయలేదు. సిగ్గుతో చేతులు ఒళ్ళో దాచుకున్నాను.

ఆయనకి పదమూడేళ్ళప్పుడు నాన్న పోయారు. అమ్మ అంతకుముందే లేదు. ఏడేళ్ళు పెద్దవాడైన అన్నయ్య కుట్టుమిషన్ ముందు కూర్చుని తమ్ముణ్ణి చదివించాడు. అన్నయ్యకి నత్తి. అరచేతిలో కొట్టుకుంటే మాట వస్తుందని చిన్నప్పుడే తనంతట తనే కనిపెట్టుకున్నాడు. ఇంట్లో ఎవరికీ అది వింతగా ఉండేది కాదు.

తమ్ముడు చదువు పక్కనపెట్టి నాటకాల్లో పడితే అన్నయ్య ఒక్క మాట అనలేదు. మిగిలిన గుడ్డముక్కలతో రాజుకి అంగీ, సేనాపతికి నడుముకి కట్టే పటకా కుట్టి ఇచ్చేవాడు. తమ్ముడికి దొరికినవి మాత్రం ఉత్తరం తెచ్చేవాడి వేషాలు, మొదటి అంకంలోనే చచ్చిపోయేవాడి వేషాలు. పదహారేళ్ళు అలాగే గడిచాయి. ముప్ఫయ్యో ఏట వాచ్‌మన్ వేషం దొరికింది.

"రిహార్సల్లో దర్శకుడు తిట్టని తిట్టు లేదు. 'నువ్వొకటి, ఆ గేటొకటి, రెండూ ఒకేలా నిలబడ్డారు కదయ్యా' అన్నాడు. ఆ మధ్యాహ్నం ఇంట్లో భోంచేస్తుంటే అన్నయ్య మంచినీళ్ళు అడగబోయాడు. మాట పట్టేసింది. చేతిలో కొట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నదే. ఆరోజు మాత్రం నటుడి కళ్ళతో చూశాను."

సాయంత్రం రిహార్సల్లో అలాగే చేశారు. దర్శకుడు నవ్వు ఆపుకోలేక కింద కూర్చుండిపోయాడు.

మొదటి ప్రదర్శనకి అన్నయ్యా వదినా ముందు వరసలో కూర్చున్నారు. వాచ్‌మన్ ఖాకీ బట్టలు అన్నయ్యే కుట్టాడు, కాలర్ రెండుసార్లు విప్పి మరీ. మొదటి సీన్‌లో టప్ టప్ టప్. జనం పడీపడీ నవ్వారు. రెండోసారికి చప్పట్లు కలిపారు.

"అన్నయ్య తన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాడు. లైట్ల వెలుగులో స్పష్టంగా కనిపించింది."

"తర్వాత మీరు..."

"తర్వాతి సీన్‌లో ఇంకా గట్టిగా చేశాను. చూసి కూడా చేశాను, తల్లీ. అది రాసుకో."

నాటకం సినిమా అయింది. కుట్టు దుకాణానికి వచ్చినవాళ్ళు అన్నయ్యకి మాట అడ్డుపడగానే కటింగ్ బల్ల మీద మూడు దెబ్బలు కొట్టి పకపకా నవ్వేవాళ్ళు. అన్నయ్య దుకాణంలో మాట్లాడటం మానేశాడు. కొలతలు సుద్దతో గుడ్డ మీద రాసి చూపించేవాడు. తర్వాత తమ్ముడి ముందు కూడా మానేశాడు. కోపం లేదు, గొడవ లేదు. బట్టలు కుట్టడం ఆపలేదు, మాటే ఆపాడు. వదినతో మాత్రం లోపలి గదిలో మాట్లాడతాడట.

"ఒకసారి వెళ్ళి 'అన్నయ్యా, అది ఉత్త పాత్రే కదా' అన్నాను. ఇస్త్రీ చేసిన ప్యాంటు పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. నలభై ఏళ్ళు దాటింది. పోయేలోపు ఆయన నోటి నుంచి నా కోసం ఒక్క మాట వినాలి. రేపు నాకు చేసే సన్మాన సభలో అందరి ముందూ చెప్పేస్తాను."

మర్నాడు సభలో నేను మూడో వరసలో ఉన్నాను. అన్నయ్య కుట్టిన కొత్త కోటు వేసుకుని ఆయన వచ్చారు. ఆ మూడు చప్పట్లూ ఒక్కసారి చేసి చూపించమని నిర్వాహకుడు అడిగాడు. ఆయన మైకు అందుకున్నారు.

"అది నాది కాదు. మా అన్నయ్యది. ఆయన్ని అడక్కుండా తీసుకున్నాను. దానివల్ల ఆయన మాట్లాడటమే మానేశాడు. నే... నే..."

గొంతు పట్టేసింది. నిజంగానే పట్టేసింది. హాలు ఒక్కసారిగా మూడు చప్పట్లు కొట్టి గొల్లుమంది. నా చేతులూ రెండుసార్లు కలిశాయి. మూడోసారి ఆపుకున్నాను. ఆపుకున్నానని చెప్పుకోవడానికి కూడా మొహం చెల్లడం లేదు.

ఆయన మైకు బల్ల మీద పెట్టేసి దిగిపోయారు.

మరుసటి రోజు పొద్దున్నే దుకాణానికి వెళ్తూ నన్నూ రమ్మన్నారు. ఇరుకు గది, గోడకి దారపు రీళ్ళు, మెడలో టేపుతో ఎనభై ఒక్కేళ్ళ అన్నయ్య. గుమ్మంలో వదిన.

"ఏమయ్యా మరిదీ, ఫోన్‌లో చూశాం. బాగానే నవ్వించావు."

"నవ్వించడానికి కాదు వదినా."

"తెలుసులే. మీ అన్నయ్య నీ మాటలు వినకుండా నీ కోటే చూశాడు. వీపు దగ్గర పట్టేసిందట, మళ్ళీ కొలవాలట. వీడియో రెండుసార్లు వెనక్కి తిప్పించాడు నా చేత."

అన్నయ్య లేచి తమ్ముడి ఎదురుగా నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మాట అడ్డుపడింది. రెండు వేళ్ళూ అరచేతి దాకా వెళ్ళాయి. తమ్ముడి కళ్ళు ఆ చేతి మీదే ఉన్నాయి. అన్నయ్య చెయ్యి కిందికి వాలిపోయింది.

ఆయనకి అర్థమైంది. మెల్లగా వెనక్కి తిరిగి, గోడకి మొహం పెట్టి నిలబడ్డారు. నేనూ తల దించుకుని నేల మీద దారపు పోగులు చూస్తూ ఉండిపోయాను. వదిన లోపలికి వెళ్ళింది.

తర్వాత నెమ్మదిగా, మూడు దెబ్బలు.

"క... కదలకురా."

కానీ ఆయన భుజాలు వణికిపోతున్నాయి. కొలత తీయడానికి వీలు కావడం లేదు. అన్నయ్య టేపు వీపుకి ఆనించి, అలాగే పట్టుకుని నిలబడ్డాడు.