వీపు తిప్పి వాయించిన రూతక్క

నిన్న సాయంత్రం భూపాలపల్లిలో మా అద్దె ఇంటి పక్క ఫంక్షన్ హాల్లో ఎవరో గిటార్ సరిచూసుకుంటున్నారు. ఒక స్వరం నున్నగా సాగి, సగంలో గరుకెక్కి, కీచుమని ఆగిపోయింది. బియ్యం కడుగుతున్న నా ఎడమచేతి వేలు, ఆ స్వరాన్ని పడిపోకుండా పట్టుకోబోతున్నట్టు దానంతట అదే కదిలింది. ఆ అలవాటు నాకు రూతక్క దగ్గర అంటింది.

రూతక్కది మహబూబాబాద్. పెళ్లిళ్లకూ చర్చి పండుగలకూ వాయించే చిన్న ఆర్కెస్ట్రా నడిపేది. లీడ్ గిటార్ తనే. ఆమె తీగ మీటితే ఆ స్వరం సన్నాయిలా, మధ్యలో ఊపిరి తీసుకోకుండా, పాట మలుపు తిరిగేదాకా సాగేది. కానీ ఆ సాగే స్వరం రాగానే ఆమె జనానికి వీపు తిప్పేది. చేతులు కనబడేవి కావు. పాట అయిపోగానే, కాలి దగ్గర ఉండి గిటార్ శబ్దాన్ని మార్చే పెడల్ మీద తువ్వాలు కప్పేది. "ఆమె వాయించదు, ఫోన్ల రికార్డు పెడుతది" అని స్టేషన్ ఘన్‌పూర్ ఆర్కెస్ట్రా వాళ్లు చెప్పుకునేవాళ్లు. నాకూ అనుమానంగానే ఉండేది.

ఆమెకు నా మీద ఉన్న అనుమానం అంతకంటే ఎక్కువ. గంగారం దగ్గరి మా తండా నుంచి, ఆమె వెనక రెండో గిటార్ వాయించే పనికి వెళ్లిన మొదటి రోజు ఆమె నా పేరు కూడా అడగలేదు.

"ఎవలు పంపిండ్రు నిన్ను?"

"ఎవలూ పంపలేదక్కా, నేనే వచ్చిన."

"అందరు గట్లనే అంటరు."

అంతకుముందు ఆమె దగ్గర నేర్చుకున్న ఒకతను ఆమె మనుషులనే లాక్కుపోయి సొంత ఆర్కెస్ట్రా పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

ఒక మధ్యాహ్నం ఆమె భోజనానికి లేచినప్పుడు తువ్వాలు ఎత్తి చూశాను. శబ్దాన్ని చిక్కబరిచి సాగదీసే గెయిన్ గుండీ సగానికి కూడా లేదు. నన్ను తప్పుదోవ పట్టించడానికే అలా పెట్టిందనుకుని, దాన్ని పూర్తిగా తిప్పి తీగ మీటాను. బరబరమని ఒక్కటే రొద. తలెత్తితే అక్క గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎక్కువ పెడితే ఎక్కువ సాగుతదనుకున్నవా?"

తిట్టలేదు. గుండీ వెనక్కి తిప్పింది. నా వేలిని గిటార్ మెడ మీది ఇనుప పట్టీకి దగ్గరగా జరిపింది. నన్ను వెనక ఉన్న స్పీకర్ పెట్టె, ఆంప్ వైపు తిప్పి, "మీటి, వేలు మెల్లగ ఊపుకుంట ఎన్కకు నడువు. చెవి చెప్పిన కాడ ఆగు" అంది.

ఒకచోట, ఆరిపోతున్న స్వరం మళ్లీ లేచి నిలబడింది. స్పీకర్‌లోంచి వస్తున్న శబ్దమే తీగను తిరిగి కదిలిస్తోంది. ఆమె వీపు తిప్పేది చేతులు దాచుకోవడానికి కాదని, తీగను స్పీకర్‌కు ఎదురుగా పెట్టడానికని అప్పుడు అర్థమైంది.

"గిది జనానికి చెప్పొచ్చు గదక్కా?"

"చెప్తె నమ్ముతరా? నువ్వు నమ్మినవా?"

ఆ తర్వాత కూడా లీడ్ నా చేతికి ఇవ్వలేదు. అలా ఉండగా జనగామలో ఒక పెళ్లిలో, ఎవరు చెవిలో ఊదారో గానీ, పెళ్లికొడుకు మేనమామ స్టేజీ ఎక్కి పాట ఆపించాడు. "మెషిన్ వాయిస్తదట గద! ఏది, మా దిక్కు తిరిగి వాయించు" అంటూ ఆంప్ వెనక చెయ్యి పెట్టి ఫోన్ కోసం వెతికాడు. అక్క జనం వైపు తిరిగి వాయించింది. స్వరం తొందరగా ఆరిపోయింది. హాలంతా నవ్వులు. ఈ మాట పాకితే మమ్మల్ని మళ్లీ ఎవరూ పిలవరు. అక్క గిటార్ తీసి నా మెడలో వేసింది.

"మెషినైతే గీ పిల్ల చేతుల గూడ గట్లనే మోగాలె గద. వినుండ్రి."

ఆంప్ వైపు తిరిగి మీటాను. స్వరం వణికి, మధ్యలో తెగింది. వేలు పట్టీ దగ్గరికి జరిపి మళ్లీ మీటి, ఒక అడుగు వెనక్కి వేశాను. ఈసారి పట్టుకుంది. మేనమామ నా వేళ్లు చూడటానికి వంగి స్పీకర్‌కు అడ్డం వచ్చాడు. స్వరం సన్నగిల్లింది. "జర జరుగుండ్రి" అంది అక్క. ఆయన జరగగానే అది మళ్లీ లేచింది.

ముందు వరుసలో ఒక అవ్వ గట్టిగా అంది: "మెషినైతే తప్పెందుకు వాయిస్తది రా?"

హాలు మళ్లీ నవ్వింది, ఈసారి ఆయన్ని చూసి.

తిరుగు దారిలో వ్యాన్‌లో అక్క నన్ను మెచ్చుకోలేదు. "రెండోసారి ఎట్ల పట్టుకున్నవు?" అని అడిగింది, ఇంకా నమ్మనట్టే.

"మొదటిసారి వేలు పట్టీకి దూరం పడ్డదక్కా."

"ఊఁ" అని కిటికీ వైపు తిరిగింది. ఆ తర్వాతి పెళ్లి నుంచి సగం పాటలకు లీడ్ నాదే.

రూతక్క ఇప్పుడు లేదు. నేనింకా వాయిస్తూనే ఉన్నాను. స్వరం మధ్యలో చచ్చినప్పుడల్లా పక్కవాళ్లు తీగలు మార్చమంటారు, కొత్త పెడల్ కొనమంటారు. నేను ముందు నా వేలిని అనుమానిస్తాను, తర్వాత నేను నిలబడ్డ చోటును. మనుషుల విషయంలోనూ అదే వరుస పాటించాలని, ముందు నన్ను నేనే అనుమానించుకోవాలని చూస్తాను. అది మాత్రం అక్క నేర్పలేదు. ఆమెకూ రాలేదు.