మా యాదగిరి బావ గుండెపోటుతో పోలేదు

నిన్న పొద్దున అక్క ఫోన్ చేసింది.

"మీ బావ లేస్తలేడురా."

అంతే. చివరి స్టేజ్ అని తెలుసు. వెంటనే బండి తీశాను.

పీర్జాదిగూడ నుంచి నాచారంలో వాళ్లింటికి చేరేలోపే ఫ్యామిలీ గ్రూప్‌లో మెసేజ్ వచ్చేసింది. మా యాదగిరి బావ గుండెపోటుతో కన్నుమూశాడట. పెట్టింది ఆయన సొంత అన్న, మా పెద్దబావ. కింద వరసగా ఓం శాంతిలు, దండం బొమ్మలు.

గుండెపోటు కాదు.

రెక్టల్ క్యాన్సర్. మలద్వారం పైనుండే పేగుకు వచ్చేది. రాయడానికి నాకు సిగ్గు లేదు. చదవడానికి సిగ్గయ్యేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

బావ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఇరవై ఏళ్లు ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద పనిచేశాడు. ఒకసారి తను చేసిన షాఫ్టుల్లో ఒకటి వెంట్రుకవాసి తేడా వచ్చిందని మొత్తం లాట్ ఆపేసి, ఓనర్‌కి తనే చెప్పాడు. తిట్లు తిని, కూర్చుని అన్నీ మళ్లీ కొలిచాడు. టీలో చక్కెర కొంచెమే వేశానని అక్క అంటే, ఎన్ని చెంచాలో చెప్పమనేవాడు.

అలాంటి మనిషికి మేం తప్పుడు కొలత చెప్పాం.

పోయినేడాది రక్తం పడుతుంటే మొలలు అనుకున్నాం. తర్వాత బయాప్సీ. ఆ తర్వాత ఉప్పల్‌లో ఎంఆర్ఐ. గడ్డ ఉందని అప్పటికే తెలుసు. అది ఎంత లోతుకు దిగింది, ఎంత మొండిది అని చూడడానికే ఈ స్కాన్ అన్నారు డాక్టర్.

రిపోర్ట్ వచ్చాక, బావ బయట కూర్చుని ఉండగా, పెద్దబావకీ నాకూ విడమరిచి చెప్పారు. పేగు గోడ దాటింది. పక్కనున్న రక్తనాళాల్లోకి కూడా దిగింది. తొందరగా పాకే రకం. ముందు కీమో, రేడియేషన్, ఆ తర్వాతే ఆపరేషన్. మధ్యలో మానొద్దు.

బయటికి రాగానే పెద్దబావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"పుండు అని జెప్పు. గా జాగల క్యాన్సర్ అంటే ఇజ్జత్ పోతది."

నేను తలూపాను. డిగ్రీ చదివిన వెధవని.

మెట్రో కింద టీ బండి దగ్గర బావ ఫైల్ నా చేతిలో పెట్టాడు. ఇంగ్లీష్ నాకు వచ్చు కదా, చదవమన్నాడు. గోడ దాటిందా, దాటితే ఎన్ని ఎంఎం అని అడిగాడు.

ఆ నంబర్ నా కళ్ల ముందే ఉంది.

దాటలేదు బావా, పైపైన పుండే, మందులతో, రేడియేషన్‌తో మాడిపోతుంది అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు. నా మాట నమ్మాడు.

రేడియేషన్, అదే మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారే, రెండో వారానికే ఆయన్ని కాల్చేసింది. కూర్చోలేకపోయాడు. పుండుకు ఇంత బాధ ఎందుకని మానేసి లేత్ దగ్గరికి వెళ్లిపోయాడు. అక్క బతిమాలింది. పెద్దబావ వాడిష్టం అన్నాడు. నేను అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు.

ఆర్నెల్లకి రెండో ఎంఆర్ఐ. ఈసారి బావే డాక్టర్ ఎదురుగా కూర్చున్నాడు. డాక్టర్ కొత్త స్కాన్ పక్కన పాతది పెట్టి, గడ్డ ఎంతవరకు పాకిందో మొత్తం చూపించారు. బయటికొచ్చాక బావ ఫైల్ మూసి నా చేతికిచ్చాడు. తిట్టలేదు.

"గప్పుడే జెప్తే ఓర్సుకుంటుంటి గదరా."

ఓర్చుకునేవాడు. నాకు తెలుసు. బతికేవాడో లేదో ఎవరూ చెప్పలేరు. కానీ ఓర్చుకోవాలో వద్దో తేల్చుకోవాల్సింది ఆయన. ఆ అవకాశం మేం లాగేసుకున్నాం.

పెద్దబావా, ఈ పోస్ట్ చూసి డిలీట్ చెయ్యమని ఫోన్ చేస్తావు. చెయ్యను. దినాల రోజు నా పక్కన కూర్చోవద్దు.

మిగతావాళ్లు, ఎవరికైనా రక్తం పడుతుంటే మీ ఇజ్జత్ ఇంట్లో పెట్టి దవాఖానాకు వెళ్లండి.

బావా, వెళ్లిరా. నొప్పి లేని చోట నిమ్మళంగా ఉండు.

శాంతి నీకు దొరకాలి. మాకు వద్దు.