అక్క తరగతిలో బట్టల తీగ

మా అక్క చిన్నపిల్లల బడిలో అక్షరాలు నేర్పేది. బోర్డు మీద అ, ఆ రాసి గంటల తరబడి వల్లె వేయించే రకం కాదు. తరగతిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తీగ కట్టి పాత బట్టలు ఆరేసేది. చొక్కా, గౌను, రుమాలు, మేజోళ్ళు. పిల్లలు గుండీలు పెట్టి, తీసి, జేబుల్లో చేతులు దూర్చి, ముందు దాని పేరు చెప్పాలి. అక్షరం ఆ తర్వాతే. గుండీ పెట్టడం వచ్చిన వేళ్ళకే పెన్సిలు నిలుస్తుందని అక్క నమ్మకం. "ఉతుకు అయిందా టీచర్?" అని బడి వాచ్‌మన్ రోజూ ఆటపట్టించేవాడు. అక్క నవ్వి ఊరుకునేది. నాకే ఒళ్ళు మండేది.

వారానికోసారి పిల్లలు ఇంటి నుంచి తలో బట్ట తెచ్చేవారు. అది ఎవరిది, ఎప్పుడు వేసుకుంటారు అని అక్క అడిగేది. వాళ్ళు చెప్పింది ఉన్నదున్నట్టు అట్టముక్క మీద రాసి, క్లిప్పుతో ఆ బట్టకే తగిలించేది. తన మాటను తనే వేలు పెట్టి చదువుకోవాలి పిల్ల. వాళ్ళ మాటలో అక్షరం మార్చినా అది అక్క లెక్కలో దొంగతనమే. ఒకడు "ఇది మా తాత బనీను, కంపు కొడుతుంది" అన్నాడు. అదే రాసి పెట్టింది. సాయంత్రం తాతగారు వచ్చి చదువుకుని, "వెధవ, నిజమే చెప్పాడు" అని బనీను చంకలో పెట్టుకుని వెళ్ళాడు.

ఆ తరగతిలో నోరు విప్పని పిల్ల ఒకతి ఉండేది. డాక్టరుగారి కూతురు. ఆయన బడి కమిటీలో పెద్ద తలకాయ. ఏది చేతికిచ్చినా ఆ పిల్ల గుండీలు పెట్టడం, తియ్యడమే గాని ఉలుకూ పలుకూ ఉండేది కాదు. అక్క దాని పక్కన నేల మీద కూర్చుని, "నీకు చెప్పాలనిపించినప్పుడే చెప్పు తల్లీ" అనేది. ఇంటికొచ్చినా ఆ పిల్ల గోలే. అన్నం తింటూ తింటూ ఆగి, "ఇవాళ పెదవి కదిపిందే" అనేది. నీకు పిచ్చి ముదిరిందక్కా అనేదాన్ని నేను.

ఇన్నేళ్ళు చేసినా అక్కది టెంపరరీ ఉద్యోగమే. ఏటా చూద్దాం, చూద్దాం అని నెట్టుకొచ్చారు. ఈసారి తల్లిదండ్రుల రోజున కమిటీ వచ్చి పాఠం చూస్తుందనీ, నచ్చితే పర్మినెంటు చేస్తుందనీ పెద్ద టీచరు చెప్పింది.

తీగ కట్టడానికి సాయంగా ఆ రోజు నేనూ వెళ్ళాను. పెద్దవాళ్ళు పిల్లల బుల్లి కుర్చీల్లో మోకాళ్ళు గడ్డాలకి ఆనించుకుని కూర్చున్నారు. డాక్టరు ముందు వరసలో, పక్కన భార్య. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చెప్పి వెళుతున్నారు. డాక్టరు కూతురి వంతు దాటేద్దామనుకుంది అక్క. ఆ పిల్లే లేచి వచ్చి, సంచిలోంచి ఆకుపచ్చ జాకెట్టు తీసింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తెచ్చినట్టుంది, తల్లి ఉలిక్కిపడింది.

"ఎవరిదమ్మా ఇది?"

"మా అమ్మది. చేతులు పొడుగు. నాన్న కొట్టాక వేసుకుంటుంది."

గొంతు చిన్నదే గాని గదంతా వినబడింది. అక్క ఏడాదంతా ఎదురుచూసిన మాటలు అవే. తల్లి తల దించుకుంది. "దీనికి టీవీ ఎక్కువైంది" అని డాక్టరు నవ్వాడు. నలుగురూ నవ్వారు. పెద్ద టీచరు మాత్రం నవ్వకుండా అక్క వంక చూసింది.

అక్క చేతిలో అట్ట ఉంది, స్కెచ్ పెన్ను ఉంది. రాస్తుందనే అనుకున్నాను. భయం వేసింది, గర్వంగానూ అనిపించింది. అక్క వంగి రాసి క్లిప్పు పెట్టింది. "ఇది మా అమ్మ జాకెట్టు. చేతులు పొడుగు."

పిల్ల వేలు పెట్టి తడబడకుండా చదివింది. చివరికొచ్చి ఆగి, అట్ట తిప్పి వెనక వైపు కూడా చూసింది.

"ఇంకోటి చెప్పాను టీచర్. అది లేదు."

"అంతేనమ్మా. వెళ్ళి కూర్చో."

అందరూ చప్పట్లు కొట్టారు. డాక్టరు అందరికంటే గట్టిగా కొట్టాడు. వెళ్ళేటప్పుడు ఆ తల్లి వెనకబడి, అక్క చెయ్యి పట్టుకుని "బతికించారు టీచర్" అంది. అక్క చెయ్యి లాక్కుంది.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. "ఎందుకు రాయలేదక్కా?"

"రాసుంటే ఇంటికెళ్ళాక వాళ్ళమ్మ గతేమిటి? ఆ పిల్ల గతేమిటి?"

"నువ్వు ఆలోచించింది వాళ్ళ గురించేనా?"

అక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు అక్క మీద అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు. మరి నేనైతే రాసేదాన్నా అంటే, ఏమో.

ఉద్యోగం పర్మినెంటు అయింది. కాగితం చూపించి అక్క మంచం మీద అటు తిరిగి పడుకుంది. ఇప్పుడా పిల్ల అడిగిందానికల్లా బదులిస్తోందనీ, అంతా అక్క చలవేననీ పెద్ద టీచరు పొగుడుతోందట. అదెలాగో మొన్న అక్కే చెప్పింది. రుమాలు చేతికిచ్చి ఇదేమిటి తల్లీ అని అడిగితే, ఆ పిల్ల రుమాలు వంక చూడటం లేదట. అక్క మొహంలోకి చూసి అడుగుతుందట, "ఏం చెప్పమంటారు టీచర్?"